చుక్క కారని గొట్టం

మా గ్యారేజీల వీధి చివర టీ కొట్టు ముందు రెండు బల్లలుంటాయి. ఒకటి టీ తాగేవాళ్ళది, రెండోది గొట్టాల బాబాయిది. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బండ్లకి హోసులు వేస్తాడు, అంతకన్నా ఎక్కువగా కోతలు కోస్తాడు, రెండింట్లోనూ కొలతబద్ద వాడడు. నాది ఎదురుగా ఉన్న బ్యాటరీల షాపు. గిరాకీ లేనప్పుడు నేనూ వచ్చి కూర్చుంటాను, కాబట్టి ఆయన మాటలు వినలేదని బుకాయించలేను.

ఆ సాయంత్రం బాబాయి ముందు బల్ల మీద ఒక తాళాల గుత్తి ఉంది. స్కూల్ వ్యాను డ్రైవరుది. అతని వ్యాన్లో ఆయిల్ ఫిల్టరు ఇంజను కింద, సైలెన్సరు గొట్టం పక్కన ఇరుక్కుని ఉంటుంది. మార్చిన ప్రతిసారీ చెయ్యి కాలుతుంది. దాన్ని అక్కణ్ణించి తీసి ముందువైపు అందే చోట బిగించి, ఇంజనుకీ ఫిల్టరుకీ మధ్య రెండు హోసులు వేయించుకుందామని వచ్చాడు. ఒక హోసులో నూనె ఫిల్టరుకి వెళ్ళాలి, రెండోదాంట్లో శుభ్రపడి ఇంజనుకి తిరిగి రావాలి. పని చిన్నదే. కానీ ఆ నూనె ఒక్క నిమిషం ఆగితే ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది, ఆ వ్యానేమో రోజూ పొద్దున పందొమ్మిది మంది పిల్లలతో కొండ దారి ఎక్కుతుంది. అందుకే తాళాలు బల్ల మీద పెట్టాడు గానీ, చెయ్యి మాత్రం వాటి మీంచి తీయలేదు.

"ఇంతకీ ఏ హోసు వేస్తావు బాబాయ్?" అన్నాడు.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే మనం ఇంటికి వెళ్ళడం ఆలస్యమవుతుందని అర్థం.

"ఏ హోసని నన్ను అడుగుతున్నావా అబ్బాయ్? సరే, అడిగావు కాబట్టి చెప్తా, విను. పదేళ్ళ కిందటి మాట. ఇనుప కమ్మీల లారీ ఒకటి వచ్చి ఇదిగో ఈ కొట్టు ముందే ఆగింది. ఫిల్టరుకి రాయి తగిలి సొట్టపోయింది. వీధిలో ఉన్న మెకానిక్కులందరూ దాని చుట్టూ చేరి తలలు గోక్కుంటున్నారు. నేను వెళ్ళాను, వంగి చూశాను, లేచాను. దీన్ని ఇక్కడ ఉంచితే మళ్ళీ రాయి తగులుతుంది, పైకి ఎక్కించండి అన్నాను. రెండు హోసులు, ఒక్కోటీ రెండడుగులు. నా టీ చల్లారేలోపల బిగించేశాను. హోసు ఎలా ఎంచానో తెలుసా? ఇదిగో, ఈ రెండు వేళ్ళు. నొక్కి చూస్తా. లావుగా, మొండిగా ఉండాలి, అంతే. కొంతమంది సన్నటి హోసు పట్టుకొస్తారు, లోపలి పొర నూనెకి తట్టుకుంటుంది, ఇన్ని డిగ్రీల వేడికి ఆగుతుంది, పైన అచ్చేసి ఉంది చూడండి అంటారు. అచ్చేసిన అక్షరాలు నూనెని ఆపుతాయా? హోసేమన్నా చదువుకునే పుస్తకమా?"

"మరి ఫిట్టింగులు?"

"ఫిట్టింగుదేముంది, మనసు పెట్టి బిగిస్తే ఏదైనా ఎక్కుతుంది. మర కలవలేదంటారు, ఆ మర వేరు ఈ మర వేరు అంటారు. నా చెయ్యి పడితే మరే సర్దుకుంటుంది. ఆఖర్న క్లిప్పు బిగించి, పైన ఎర్ర తీగ రెండు చుట్లు. అది నా గుర్తు. ఈ వీధిలో ఇంకెవడూ కట్టడు, కట్టబోయినా వాడికి ఆ ముడి పడదు."

ఇంతవరకూ నమ్మొచ్చు. రెండడుగుల హోసు, ఒక లారీ, చల్లారని టీ. పక్కన గ్లాసులు కడుగుతున్న టీ కొట్టు అక్క కూడా తలెత్తలేదు. బాబాయికి అదే నచ్చదు. ఎవరూ తలెత్తకపోతే ఆయనకి కూర్చున్న చోట ముళ్ళు గుచ్చుకుంటాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు గొంతు పెంచి. "లారీ స్టార్ట్ చేశారు. నూనె ప్రెషరు చూపించే మీటరు ఉంటుందిగా, దాని ముల్లు లేచింది. సగానికి వచ్చింది, చివరికి వచ్చింది, అక్కడ ఆగి, ఇంకేం చెయ్యాలో తోచక ఇంకో చుట్టు తిరిగింది. మీటరు అద్దం టప్పున పగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ వెనక్కి గెంతారు. నేను గెంతలేదు. హోసు వంక చూశాను. అది నా వంక చూసింది. చుక్క కారలేదు."

"అంత ప్రెషరుకి ఇంజను ఏమీ కాలేదా?" అన్నాను నేను.

"నువ్వు బ్యాటరీలు అమ్ముకో నాయనా. ఇది నూనె విషయం." నా వంక నుంచి డ్రైవరు వైపు తిరిగాడు. తిరగడంలో చెయ్యి కూడా తాళాల గుత్తికి జానెడు దగ్గరైంది. "లారీ వెళ్ళిపోయింది. మూడో రోజు కబురొచ్చింది, కొండ మలుపులో జారిందని. డ్రైవరు నిద్రపోతున్నాడు. లారీ మొత్తం, నలభై టన్నుల కమ్మీలతో సహా, లోయలోకి పడింది. పడి, సగంలో ఆగింది. ఎందుకాగిందో తెలుసా? బానెట్టు తెరుచుకుని నా హోసు బయటికొచ్చి, రాతి కొమ్ము ఒకటుంటే దానికి మూడు చుట్లు చుట్టుకుంది."

అక్క ఇప్పుడు తలెత్తింది. "రెండడుగుల హోసు బాబాయ్. రాతికి మూడు చుట్లు ఎలా వచ్చింది?"

"వేడికి సాగిందమ్మాయ్. మంచి హోసు అవసరాన్ని బట్టి సాగుతుంది. నీకు టీ తెలుసు, రబ్బరు తెలీదు."

"డ్రైవరుకి దెబ్బలు తగిలాయా?" అన్నాడు వ్యాను డ్రైవరు. పాపం, అతను ఇంకా నిజంగానే అడుగుతున్నాడు.

"నిద్రే లేవలేదు. ఎందుకు లేస్తాడు, ఇంజను నడుస్తూనే ఉంటే? అలా గాల్లో వేలాడుతూ రెండు పగళ్ళు నడిచింది. ఒక పక్క నలభై టన్నుల బరువు లాగుతోంది, ఇంకో పక్క లోపల నూనె పరిగెడుతోంది. చుక్క కారలేదు. క్రేను తెప్పించారు. క్రేను తాడు వేసి లాగారు, తాడు తెగింది. తెగిన ఊపుకి క్రేను కూడా జారింది. దాన్ని ఏది పట్టుకుందో తెలుసా?"

"రెండో హోసు," అన్నాను.

"నువ్వు చెప్పకు. నేను చెప్పాలి." అలిగినట్టు మొహం పెట్టి, మళ్ళీ ఆగలేక, "రెండో హోసే," అన్నాడు. "ఒక హోసుకి లారీ, ఒక హోసుకి క్రేను. తక్కెడలా ఊగుతున్నాయట. చివరికి ఆ హోసులే పట్టుకుని రెండింటినీ పైకి లాగారు."

వ్యాను డ్రైవరు తాళాల గుత్తిని కాస్త తన వైపు జరుపుకున్నాడు. "అది సరే బాబాయ్. నా వ్యానుకి ఏ హోసు? పక్కనే సైలెన్సరు ఉంది. వేడికి ఎంత తట్టుకుంటుందో చెప్పు."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. వేడన్నావు కాబట్టి ఓడ సంగతి చెప్పాలి."

సరిగ్గా అప్పుడే లేతు మేస్త్రి వచ్చాడు. వీధి మొదట్లో ఆయన లేతు మిషను ఉంది. అరిగిపోయిన క్రాంకులు, గాట్లు పడ్డ షాఫ్టులు ఆయన దగ్గరికే వస్తాయి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒక చేతిలో నూనె గుడ్డలో చుట్టిన పొట్లం ఏదో ఉంది. మా పక్కన కూర్చుని పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఒక టీ చెప్పాడు.

"రా మేస్త్రి, సమయానికి వచ్చావు," అన్నాడు బాబాయి. కొత్త చెవులు దొరికితే ఆయన మొహం వెలిగిపోతుంది. "ఆ లోయ కింద సముద్రం. సముద్రంలో ఓడ. ఓడ కెప్టెను దుర్భిణీలో ఈ వేలాటంతా చూశాడు. లారీని చూళ్ళేదు, క్రేనుని చూళ్ళేదు, హోసుని చూశాడు. వెంటనే మనిషిని పంపించాడు. వెళ్ళాను. ఓడ ఇంజను చూశాను. దాని ఫిల్టరు మన మేస్త్రి షెడ్డంత ఉంది. మార్చాలంటే ఓడని నెల రోజులు ఆపాలట. ఎందుకు ఆపడం, ఫిల్టరుని బయట పెట్టండి అన్నాను. బయటంటే ఎక్కడ అన్నారు. ఏం చేశానో తెలుసా? ఫిల్టరుని ఒడ్డు మీద పెట్టించాను."

"ఓడ ఎక్కడుంది?" అంది అక్క.

"ఓడ వెళ్ళిపోయింది. హోసు మాత్రం వెంట వెళ్ళింది. ఓడ సముద్రం మధ్యలో, ఫిల్టరు ఒడ్డున, మధ్యలో నా హోసులు రెండు, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది. ఇక్కడ నేను లుంగీ కట్టుకుని ఫిల్టరు మారిస్తే అక్కడ ఓడ పొగ తెల్లబడేది. దారిలో సొరచేపలు ఊరుకుంటాయా? కొరికాయి. కొరికిన ప్రతి దానికీ పళ్ళూడిపోయాయి. హోసుకి గుచ్చుకున్న పళ్ళు దులిపి తెస్తే మా ఆవిడ గోడకి మేకుల్లా కొట్టింది. ఇప్పటికీ నా చొక్కాలు వాటికే వేలాడుతుంటాయి."

"అన్ని మైళ్ళ హోసులో కూడా చుక్క కారలేదా బాబాయ్?" అన్నాడు మేస్త్రి. ఆయన మాట్లాడటమే వింత, అందుకని అందరం అటు చూశాం.

"కారలేదు. రాసుకో. నా చేతి హోసు ఏదీ ఈ రోజుదాకా చుక్క కార్చలేదు."

మేస్త్రి తలూపి టీ తాగాడు.

బాబాయికి ఆ తలూపడం పూనకం తెచ్చింది. వీధిలో ఎవరి మాటా ఒప్పుకోని మేస్త్రే ఒప్పుకున్నాడంటే ఇంకేం కావాలి? బల్ల మీద ముందుకి వంగాడు. "అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ మొదటి లారీ ఏమైందో తెలుసా? ముసలిదైపోయింది. పాత ఇనుముకి వేసేశారు. బాడీ తుప్పు పట్టి రాలిపోయింది, చక్రాలు ఎవడో పట్టుకుపోయాడు, ఇంజను కరిగించేశారు. మొన్న అటుగా వెళ్తూ చూద్దును కదా, ఖాళీ నేల మీద నా హోసులు రెండూ, ఫిల్టరూ మిగిలాయి. దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి విన్నాను. లోపల సరసరమని చప్పుడు. నూనె ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంజను లేదు, లారీ లేదు, పంపు లేదు, అలవాటు కొద్దీ తిరుగుతోంది. దాన్ని ఆపడానికి నాకే మనసు రాలేదు."

నేను నవ్వాపుకోలేక టీ మీద పోసుకున్నాను. అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. వ్యాను డ్రైవరు మాత్రం నవ్వలేదు. తప్పనిసరి పనికి వచ్చినవాడికి కోతలు విని నవ్వే తీరిక ఉండదు.

"బాబాయ్, రేపు పొద్దున ఏడింటికి నేను పిల్లల్ని ఎక్కించుకోవాలి," అన్నాడు. "ఏ హోసో చెప్పు."

"అదే హోసురా అబ్బాయ్. అదే రీలు. లారీకి వేసింది, ఓడకి వేసింది, నీకు వెయ్యబోయేది, అన్నీ ఒకటే రీలు. ఇంకా లోపల సగం ఉంది." బాబాయి చెయ్యి చాచి తాళాల గుత్తి మీద వేశాడు. ఇప్పుడు గుత్తి మీద రెండు చేతులున్నాయి.

"పాల వ్యానుకి వేసింది కూడా ఆ రీలులోదేనా?" అన్నాడు మేస్త్రి.

కొట్టులో నవ్వు ఆగిపోయింది. పాల వ్యాను అక్క తమ్ముడిది. బాబాయి దానికి ఇలాగే ఫిల్టరు చోటు మార్చి హోసులు వేశాడు. నెలన్నర కిందట నడిరోడ్డు మీద ఇంజను పట్టేసింది. ఆ రోజు ఇదే బల్ల దగ్గర బాబాయి తేల్చి చెప్పాడు, కుర్రాడు నూనె చూసుకోలేదని. వాడు చూసుకున్నానన్నాడు, పొద్దున్నే నూనె కొలిచే పుల్ల తీసి చూశానన్నాడు. ఎవరూ నమ్మలేదు. అక్కే అందరి ముందూ వాణ్ణి బుద్ధి లేదా అని కడిగేసింది. అప్పట్నించి వాడు ఈ కొట్టు ఛాయలకి రాలేదు. నేనూ ఆ రోజు తలూపినవాణ్ణే.

బాబాయి తాళాల మీద చెయ్యి బిగించాడు. ఓడ దాకా వెళ్ళొచ్చిన మనిషి పాల వ్యాను దగ్గర వెనక్కి తగ్గుతాడా? "అదే రీలు, అదే చెయ్యి," అన్నాడు. "వాడు నూనె చూసుకోక ఇంజను పోగొట్టుకుంటే నా హోసేం చేస్తుంది? అయినా నా హోసు నుంచి చుక్క కారిందని వాడే అనలేదు."

"అనలేదు," అని మేస్త్రి పొట్లం విప్పాడు.

అందులో జానెడున్నర పొడుగు హోసు ముక్క ఉంది. లావుగా, నల్లగా, బొద్దుగా ఉంది. ఒక కొసన క్లిప్పు, క్లిప్పు మీద ఎర్ర తీగ, రెండు చుట్లు.

"పాల వ్యాను క్రాంకు ఇవాళ నా లేతుకి వచ్చింది. సామానంతా ఒకే గోనెలో పంపారు. ఇదీ అందులో ఉంది. ఇంజనుకి నూనె తిరిగొచ్చే హోసు. నీదేనా బాబాయ్?"

బాబాయి చేతిలోకి తీసుకున్నాడు. భయపడతాడనుకున్నాను, మురిసిపోయాడు. తాళాల మీంచి చెయ్యి తీసి రెండు చేతులతో పట్టుకుని మా అందరికీ తిప్పి చూపించాడు. "నాదే. చూడండి, ఒక్క పగులుందా? ఒక్క బుడిపె ఉందా? కారిన మరకన్నా ఉందా? ఇంజను చచ్చిపోయింది, నా హోసు పెళ్ళికొడుకులా ఉంది."

మేస్త్రి గుడ్డతో ఆ హోసు కొస శుభ్రంగా తుడిచాడు. "ఊదు బాబాయ్," అన్నాడు.

"ఏంటీ?"

"ఊదు. అటు వైపు నా చెయ్యి పెడతాను."

బాబాయి మా అందరి వంకా చూసి నవ్వి, హోసు నోట్లో పెట్టుకుని ఊదాడు. మేస్త్రి అరచెయ్యి కదల్లేదు. మళ్ళీ ఊదాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి, చెవులు ఎర్రబడ్డాయి, మెడ నరాలు లేచాయి.  నలభై టన్నుల లారీని గాల్లో నిలబెట్టిన ఊపిరి జానెడున్నర గొట్టంలోంచి బయటికి రాలేకపోయింది. మూడోసారి ఊది, హోసు నోట్లోంచి తీసి, రొప్పుతూ ఏమన్నాడో తెలుసా?

"చూశారా, గాలి కూడా కారలేదు."

మేస్త్రి హోసు తీసుకుని, జేబులోంచి చిన్న కోత బ్లేడు తీసి మధ్యకి కోశాడు. కోసిన చోట చూపించాడు. లోపలి రబ్బరు మెత్తగా ఉబ్బి, నాలుగు పక్కల నుంచీ కలుసుకుని, మధ్యలో అగ్గిపుల్ల దూరే సందు కూడా లేదు.

"ఇది రేడియేటరుకి నీళ్ళు మోసే హోసు," అన్నాడు. ఒక్క రోజులో ఆయన ఇన్ని మాటలు ఆడటం నేను చూడలేదు. "నీళ్ళకైతే దీన్ని మించింది లేదు. వేడి నూనె తగిలితే లోపలి పొర ఉబ్బుతుంది. పైన దారపు నేత గట్టిది కాబట్టి బయటికి ఉబ్బే దారి లేదు, లోపలికే ఉబ్బింది. మీటరేమో ఈ హోసుకి ముందు ఉంది. ముల్లు బాగానే చూపించింది, ఇంజనుకి మాత్రం నూనె పోలేదు. కుర్రాడు పొద్దున్నే పుల్ల తీసి చూసుంటాడు, నూనె నిండుగానే ఉండుంటుంది. చుక్క కారలేదని బాబాయి అన్నది నిజమే. వెళ్తేగా కారడానికి."

బాబాయి కోసిన ముక్కని తన రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. 

వ్యాను డ్రైవరు తాళాల గుత్తి తీసి జేబులో వేసుకున్నాడు. కోపంగా కూడా లేడు, అలిసిపోయినట్టున్నాడు. "నా వ్యాన్లో పందొమ్మిది మంది ఎక్కుతారు బాబాయ్," అన్నాడు. "ఏ హోసు అని అడుగుతూనే ఉన్నాను. నువ్వు ఓడ దాకా వెళ్ళావు." తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. మేస్త్రి అడక్కుండానే చెప్పాడు, నూనెకి తట్టుకునే పొర ఉన్న హోసు కొనమని, దాని మీద అచ్చేసిన వేడీ ప్రెషరూ చదివి మరీ కొనమని, ఇంజను రంధ్రం కన్నా సన్నటిది తీసుకోవద్దని, క్లిప్పు కాకుండా మిషను మీద నొక్కిన ఫిట్టింగు వేయించమని, సైలెన్సరుకి దూరంగా తిప్పమని. అన్నీ కలిపి నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు.

అక్క గ్లాసులు కడగడం ఆపేసి, చేతులు తుడుచుకుని ఫోను తీసింది. అవతల ఎత్తేదాకా బాబాయి వంకే చూస్తూ నిలబడింది.

"ఏరా తమ్ముడూ," అంది.  ఆ రోజు అందరి ముందూ అన్ని మాటలు తిట్టిన మనిషికి ఇప్పుడు ఒక్క మాట దొరకడం లేదు. "టీకి రా," అంది చివరికి. "మేస్త్రి చెప్పాడు. నూనె నువ్వు చూసుకున్నావురా. నేనే నీ మాట వినలేదు." ఫోను పెట్టేసి కళ్ళు ఒత్తుకుంది. నాకు తలదించుకోవాలనిపించింది, దించుకున్నాను.

బాబాయి ఒక్కడే తన బల్ల మీద మిగిలాడు. ముందర కోసిన హోసు రెండు ముక్కలుగా ఉంది. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చల్లారిన టీ తాగేశాడు, మూతి తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. అప్పుడే ఎవరో కొత్త లారీ డ్రైవరు వచ్చి పక్కన కూర్చున్నాడు, పాపం, ఏమీ తెలియనివాడు.

"మా వీధికి కొత్తా?" అన్నాడు బాబాయి. "పదేళ్ళ కిందట ఏమైందో తెలుసా..."

అక్క వచ్చి, ఎర్ర తీగ ఉన్న ముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

"ముందు ఇది ఊదు బాబాయ్," అంది. "తర్వాత చెబుదువుగాని."